మూలవిధేయతకు హద్దులు: గ్రెనడా టెలివిజన్ ‘షెర్లాక్ హోమ్స్’ ధారావాహిక (1984–1994) – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆర్థర్ కానన్ డాయిల్ రచించిన షెర్లాక్ హోమ్స్ కథలను బ్రిటన్‌లోని గ్రెనడా టెలివిజన్ సంస్థ 1984 నుండి 1994 వరకు 41 భాగాలుగా తెరకెక్కించింది. మూలానికి అత్యంత విధేయంగా ఉన్న అనుసరణగా ఈ ధారావాహికకు పేరుంది. ఆ విధేయత ఏ చారిత్రక పరిస్థితులలో సాధ్యమైంది, ఎక్కడ పాటించబడింది, ఎక్కడ సడలించబడింది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాట్సన్ వివాహం, హోమ్స్ కొకెయిన్ అలవాటు వంటి విషయాలలో మూలాన్ని మార్చడానికి వెనుకాడని నిర్మాతలు, భారతదేశం, అండమాన్ దీవుల ప్రస్తావన ఉన్న కథలలో మాత్రం పంతొమ్మిదో శతాబ్దపు వలస దృష్టిని చాలావరకు అలాగే ఉంచారని, కాబట్టి మూలవిధేయతను తటస్థమైన కళావిలువగా కాక ఎంపికల సముదాయంగా చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనుసరణ, మూలవిధేయత, అపరాధ పరిశోధక సాహిత్యం, షెర్లాక్ హోమ్స్, గ్రెనడా టెలివిజన్, వలసవాదం, అండమాన్.

1. ఉపోద్ఘాతం:

సాహిత్యకృతి తెరమీదికి వచ్చిన ప్రతిసారీ మొదట వినిపించే ప్రశ్న ‘మూలానికి ఎంత దగ్గరగా ఉంది?’ అన్నదే. నవలలు సినిమాలుగా మారినప్పుడు తెలుగు విమర్శలోనూ ఈ ప్రశ్నే ముందుకు వస్తుంది. అయితే ‘దగ్గర’ అనే మాటను కొలిచే కొలబద్ద ఏది? సంభాషణలా, కథాక్రమమా, వేషధారణా, రచయిత దృక్పథమా? ఈ నాలుగూ ఒకే దిశలో నడవవు. ఒకదానికి కట్టుబడిన అనుసరణ మరొకదాన్ని వదులుకోవచ్చు. ఈ చర్చకు గ్రెనడా టెలివిజన్ నిర్మించిన షెర్లాక్ హోమ్స్ ధారావాహిక మంచి ఉదాహరణ.

డాయిల్ హోమ్స్ పాత్రతో 4 నవలలు, 56 కథలు రాశాడు. తొలి నవల 1887లో వెలువడింది. 1891 జులై నుండి ‘స్ట్రాండ్’ మాసపత్రికలో కథలు రావడంతో హోమ్స్‌కు అపారమైన పాఠకాదరణ లభించింది. నాటకాలు, మూకీలు, రేడియో, చలనచిత్రాలు ఆ పాత్రను పదేపదే తిరగరాశాయి. బాసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా, నైజెల్ బ్రూస్ వాట్సన్‌గా 1939–46 మధ్య వచ్చిన 14 చిత్రాలు ఒక తరం ప్రేక్షకుల ఊహలో స్థిరపడిపోయాయి. వాటిలో మొదటి రెండు మాత్రమే విక్టోరియన్ కాలంలో జరుగుతాయి. తక్కిన 12 చిత్రాలలో హోమ్స్ రెండో ప్రపంచయుద్ధ కాలపు మనిషి. వాట్సన్ అమాయకపు హాస్యపాత్రగా మిగిలాడు. బి.బి.సి. కూడా 1960లలో డగ్లస్ విల్మర్, పీటర్ కుషింగ్‌లతో హోమ్స్ కథలను ప్రసారం చేసింది. ఇన్ని రూపాంతరాల తరవాత ‘తిరిగి డాయిల్ దగ్గరికి’ అనే సంకల్పంతో గ్రెనడా ధారావాహిక మొదలైంది.

2. రచనాహక్కుల గడువు – నిర్మాణానికి వీలు:

ఈ ధారావాహిక పుట్టుకను కళాభిరుచితో మాత్రమే వివరించలేము. దాని వెనుక ఒక చట్టపు లెక్క ఉంది. 1956 నాటి బ్రిటిష్ రచనాహక్కుల చట్టం ప్రకారం రచయిత మరణించిన 50 ఏళ్ల వరకు హక్కులు అమలులో ఉండేవి. డాయిల్ 1930 జులై 7న మరణించాడు. కనుక 1980 చివరితో బ్రిటన్‌లో ఆయన రచనలు సార్వజనికమయ్యాయి. తరవాత ఐరోపా సమాఖ్య నిబంధనల మేరకు గడువు 70 ఏళ్లకు పెరిగింది. ఆ మార్పు 1996 జనవరి 1న అమలులోకి వచ్చి, డాయిల్ రచనల హక్కులను 2000 చివరి దాకా పునరుద్ధరించింది. అంటే హోమ్స్ కథలు బ్రిటన్‌లో అందరివీ అయిన తొలి వ్యవధి సరిగ్గా 15 ఏళ్లు. 1984లో మొదలై 1994లో ముగిసిన గ్రెనడా ధారావాహిక పూర్తిగా ఆ 15 ఏళ్లలోనే ఇమిడిపోయింది.

అమెరికాలో పరిస్థితి వేరు. డాయిల్ చివరి దశలో ప్రచురించిన కథలపై అక్కడ హక్కులు 2022 చివరి వరకు చెల్లుబాటులో ఉండేవి. ఆయన కుమార్తె డేమ్ జీన్ కానన్ డాయిల్ అభిప్రాయానికి అందువల్ల విలువ ఉండేది. 1985 నుండి ఈ ధారావాహిక అమెరికాలోని ప్రజా ప్రసార వ్యవస్థలో ‘మిస్టరీ!’ కార్యక్రమం ద్వారా ప్రసారమైంది. బోస్టన్ నగరానికి చెందిన డబ్ల్యు.జి.బి.హెచ్. తరవాతి నిర్మాణాలలో భాగస్వామి కూడా అయింది. స్వదేశంలో స్వేచ్ఛ, విదేశంలో అనుమతి అనే ఈ ద్వంద్వస్థితి నిర్మాతలను మూలానికి దగ్గరగా ఉంచిన కారణాలలో ఒకటిగా భావించవచ్చు.

నిర్మాణసంస్థ స్వభావాన్ని కూడా గమనించాలి. 1956 మేలో మాంచెస్టర్ కేంద్రంగా ప్రసారాలు ప్రారంభించిన గ్రెనడా, ఐ.టి.వి. వ్యవస్థలో ఒక ప్రాంతీయ సంస్థ. ప్రకటనల ఆదాయం దానికి ఆధారం. అయితే లైసెన్సు నిలుపుకోవాలంటే వాణిజ్య విజయంతో పాటు నాణ్యతను కూడా నియంత్రణ సంస్థ ముందు చూపవలసి వచ్చేది. 1981లో ‘బ్రైడ్స్‌హెడ్ రీవిజిటెడ్’, 1984 ఆరంభంలో ‘ది జ్యుయెల్ ఇన్ ద క్రౌన్’ ధారావాహికలతో సాహిత్య అనుసరణలలో గ్రెనడా తన స్థాయిని నిరూపించుకుంది. హోమ్స్ ఆ వరుసలోదే.

3. మూలవిధేయత ఒక నిర్మాణపద్ధతిగా:

నిర్మాత మైకేల్ కాక్స్, ధారావాహికకు రూపమిచ్చిన రచయిత జాన్ హాక్స్‌వర్త్ మూలవిధేయతను ఒక పద్ధతిగా మలచుకున్నారు. కథలలో హోమ్స్, వాట్సన్‌ల వేషం, అలవాట్లు, ఆహారం, గదిలోని వస్తువులు మొదలైన వివరాలన్నిటినీ ఏరి ‘బేకర్ స్ట్రీట్ ఫైల్’ అనే పేరుతో ఒక మార్గదర్శిని సిద్ధం చేశారు. దర్శకులు, కళాదర్శకులు, నటులు భాగానికొకరుగా మారినా పాత్రల ప్రపంచం మారకుండా ఉండటానికి అది తోడ్పడింది. ఒక విధంగా ఇది పరిశోధకులు తయారుచేసే పదానుక్రమణిక వంటిది.

రెండో ఆధారం చిత్రాలు. స్ట్రాండ్ పత్రికలో సిడ్నీ పాజెట్ గీసిన బొమ్మలను దృశ్యరచనకు నమూనాలుగా తీసుకున్నారు. ‘ది ఫైనల్ ప్రాబ్లమ్’ కథలో హోమ్స్, మోరియార్టీ పెనుగులాడే ఘట్టాన్ని స్విట్జర్లాండ్‌లోని రైఖెన్‌బాఖ్ జలపాతం వద్దనే చిత్రీకరించి, పాజెట్ బొమ్మను తలపించేలా మలిచారు. హోమ్స్ గుర్తుగా లోకప్రసిద్ధమైన చెవులు కప్పే వేటగాడి టోపీని అతడు నగరంలో ధరించడు. పల్లెప్రయాణాలకే అది పరిమితమైంది. నిజానికి ‘డీర్‌స్టాకర్’ అనే ఆ టోపీ పేరు డాయిల్ కథలలో ఎక్కడా కనిపించదు. అది పాజెట్ బొమ్మలనుండి వచ్చింది. కాబట్టి గ్రెనడా విధేయత చూపిన ‘మూలం’ డాయిల్ పాఠం ఒక్కటే కాదు. 1890ల నాటి పాఠకుడి చేతిలోని పత్రిక పుటే ఇక్కడ మూలం.

మూడో ఆధారం నటన. జెరెమీ బ్రెట్ (1933–1995) చిత్రీకరణ స్థలానికి డాయిల్ కథలను వెంట తెచ్చుకొని, స్క్రిప్టును వాటితో పోల్చి, మూలంలోని సంభాషణలను తిరిగి చేర్చాలని పట్టుబట్టేవాడు. అంతకుముందు 1980లో లాస్ ఏంజెలిస్ రంగస్థలంపై ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ ఆధారిత నాటకమైన ‘ది క్రూసిఫర్ ఆఫ్ బ్లడ్’లో అతడు వాట్సన్‌గా నటించాడు. వాట్సన్ పాత్ర విలువ తెలిసిన హోమ్స్ కావడం వల్ల ఇద్దరి మైత్రికి ఈ ధారావాహికలో కొత్త గౌరవం దక్కింది. మొదటి 13 భాగాలలో డేవిడ్ బర్క్, 1986 నుండి ఎడ్వర్డ్ హార్డ్‌విక్ పోషించిన వాట్సన్ తెలివితక్కువవాడు కాడు. 1880 జులైలో మైవంద్ యుద్ధంలో గాయపడిన సైనిక వైద్యుడు, లోకానుభవం కల మనిషి. నైజెల్ బ్రూస్ చిత్రణ నుండి వాట్సన్‌ను విడిపించడం ఈ ధారావాహిక సాధించిన ముఖ్య విజయాలలో ఒకటి.

స్థలం విషయంలో ఒక వైచిత్రి ఉంది. లండన్‌లోని బేకర్ వీథిని మాంచెస్టర్ క్వే వీథిలోని గ్రెనడా స్టూడియో ఆవరణలో నిర్మించారు. దానికి సమీపంలోనే 1830లో ప్రారంభమైన లివర్‌పూల్ రోడ్ రైల్వే స్టేషన్ ఉంది. అంటే పారిశ్రామిక విప్లవానికి నిజమైన సాక్షి అయిన నగరంలో, నిజమైన పాతభవనాల పక్కన, కృత్రిమమైన విక్టోరియన్ వీథి వెలసింది. 1988లో స్టూడియో సందర్శన కార్యక్రమం ప్రారంభమైనప్పుడు ఆ వీథి పర్యాటక ఆకర్షణగా మారింది. గ్రెనడా విధేయత కథకూ, దుస్తులకూ, వస్తువులకూ వర్తించింది. స్థలానికి వచ్చేసరికి అది నమ్మించే నైపుణ్యంగా మారింది.

4. మూలాన్ని మార్చిన సందర్భాలు:

ఇంత నిష్ఠగల ధారావాహిక కొన్ని ముఖ్యమైన మార్పులు చేసింది. వాటిలో మూడు ఇక్కడ ప్రస్తావించదగినవి.

మొదటిది వాట్సన్ వివాహం. 1891 నాటి ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’ కథ మొదలయ్యే వేళకే వాట్సన్‌కు పెళ్లయింది. స్నేహితుడి నుండి దూరంగా ఉంటున్నాడు. 1984 ఏప్రిల్ 24న ప్రసారమైన అదే కథ అనుసరణలో వాట్సన్ అవివాహితుడు, బేకర్ వీథిలోనే నివాసం. ఈ మార్పు పర్యవసానం 1987 డిసెంబరులో ప్రసారమైన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో కనిపిస్తుంది. నవలలో వాట్సన్, మేరీ మోర్‌స్టన్‌ల ప్రణయం వివాహ నిశ్చయంతో ముగుస్తుంది. తెరపై ఆమె వెళ్లిపోతుంది, వాట్సన్ మిగిలిపోతాడు. ధారావాహిక నిర్మాణానికి ఇద్దరు మిత్రులూ ఒకే గదిలో ఉండటం అవసరం. ఆ అవసరం ముందు నవల ముగింపు లొంగిపోయింది.

రెండోది కథల అల్లిక. ‘ది రెడ్ హెడెడ్ లీగ్’ కథలో మోరియార్టీ పాత్ర లేదు. అనుసరణలో ఆ నేరం వెనుక సూత్రధారిగా మోరియార్టీని ప్రవేశపెట్టారు. మరుసటి భాగమైన ‘ది ఫైనల్ ప్రాబ్లమ్’లో జరిగే అంతిమ పోరాటానికి అది పూర్వరంగం. డాయిల్ ఆ ప్రతినాయకుణ్ణి హోమ్స్‌ను అంతం చేయడానికి అకస్మాత్తుగా సృష్టించాడు. టెలివిజన్ ప్రేక్షకుడికి ఆ ఆకస్మికత చాలదని నిర్మాతలు భావించారు.

మూడోది కొకెయిన్. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో కొకెయిన్ చట్టవిరుద్ధం కాదు. హోమ్స్ దాన్ని సూది ద్వారా తీసుకోవడం నాటి పాఠకులకు వ్యక్తిగత దౌర్బల్యంగా తోచిందే తప్ప నేరంగా కాదు. 1980ల ప్రేక్షకులలో పిల్లలు కూడా ఉన్నారు. 1988 ఏప్రిల్‌లో ప్రసారమైన ‘ది డెవిల్స్ ఫుట్’లో హోమ్స్ తన సిరంజిని కార్న్‌వాల్ సముద్రతీరపు ఇసుకలో పాతిపెడతాడు. ఈ దృశ్యం మూలకథలో లేదు. బాల ప్రేక్షకులను దృష్టిలో ఉంచుకొని బ్రెట్ కోరగా, డేమ్ జీన్ సమ్మతితో దీన్ని చేర్చారు.

ఈ మూడు మార్పులకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి: ధారావాహిక రూపం, కథనబలం, సమకాలీన నైతిక బాధ్యత. మూడో కారణం ప్రత్యేకంగా గమనార్హం. పాతకథ నేటి ప్రేక్షకుడికి హాని చేయవచ్చని తోచినప్పుడు మూలాన్ని దాటిపోవచ్చుననే సూత్రాన్ని ఈ నిర్మాణం తానే అంగీకరించింది. ఆ సూత్రం మరెక్కడ వర్తించింది, ఎక్కడ వర్తించలేదు అన్నదే తరవాతి ప్రశ్న.

5. 1984: తెరమీద సామ్రాజ్యం:

గ్రెనడా వారి ‘ది జ్యుయెల్ ఇన్ ద క్రౌన్’ 1984 జనవరి 9న మొదలై ఏప్రిల్ 3న ముగిసింది. సరిగ్గా మూడు వారాల తరవాత, అదే సంస్థ నుండి, అదే మంగళవారం నాడు హోమ్స్ తొలి భాగం ప్రసారమైంది. పాల్ స్కాట్ నవలలు భారతదేశంలో బ్రిటిష్ పాలన అంతిమ దశను చిత్రిస్తే, డాయిల్ కథలు సామ్రాజ్యపు ఉచ్ఛదశలో లండన్ జీవితాన్ని చిత్రిస్తాయి. ఒకటి వలసదేశంలోని తెల్లవారి కథ. రెండోది వలసల నుండి తిరిగివచ్చిన సంపదల, పాపాల కథ.

ఈ కాలంలోనే బ్రిటన్‌లో గతంపై మోజు ప్రబలింది. 1980, 1983 సంవత్సరాల జాతీయ వారసత్వ చట్టాలు పురాతన కట్టడాల సంరక్షణను కొత్త వ్యవస్థ కిందికి తెచ్చాయి. కర్మాగారాలు మూతపడుతున్న ఉత్తర ఇంగ్లండ్‌లో గతమే ఒక పరిశ్రమగా మారుతోందన్న విమర్శను రాబర్ట్ హ్యూవిసన్ 1987లో ‘ది హెరిటేజ్ ఇండస్ట్రీ’ అనే గ్రంథంలో ప్రతిపాదించాడు. భారతదేశాన్ని నేపథ్యంగా చేసుకున్న చలనచిత్రాలు, ధారావాహికల వెల్లువను సల్మాన్ రష్దీ 1984లో ‘అవుట్‌సైడ్ ద వేల్’ వ్యాసంలో తీవ్రంగా విమర్శించాడు. ఆ విమర్శకు ‘ది జ్యుయెల్ ఇన్ ద క్రౌన్’ ప్రధాన లక్ష్యాలలో ఒకటి. హోమ్స్ ధారావాహిక మాత్రం ఆ చర్చలో కేంద్రస్థానానికి రాలేదు. అది అపరాధ పరిశోధక కథ కావడం, సంఘటనా స్థలం లండన్ కావడం దానికి రక్షణకవచాలయ్యాయి. కాని ఆ కథల లోపలికి వెళితే వలసరాజ్యాలు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలుస్తుంది.

6. మార్చని సందర్భాలు: భారతదేశం, అండమాన్ దీవులు:

6.1. ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’: 1984 మే 29న ప్రసారమైన ఈ భాగంలో డాక్టర్ గ్రిమ్స్‌బీ రాయ్‌లాట్ కలకత్తాలో వైద్యవృత్తి చేసి తిరిగివచ్చిన ఇంగ్లీషువాడు. భారతదేశంలో ఒక పనివాణ్ణి కొట్టి చంపినవాడు. మూలకథ ప్రకారం అతడు భారతదేశం నుండి తెప్పించిన జంతువులలో చిరుతతో పాటు బబూన్ కోతి ఉంది. బబూన్ల సహజ నివాసం ఆఫ్రికా, అరేబియా ప్రాంతాలు. కథలో హత్యాసాధనమైన ‘స్వాంప్ ఆడర్’ అనే పాము ఏ సర్పశాస్త్ర గ్రంథంలోనూ కనిపించదు. గిన్నెలో పోసిన పాలు తాగి, ఈలకు లొంగి, తాడు పట్టుకొని ఎక్కిదిగే ఆ పాము స్వభావం కూడా ప్రకృతికి విరుద్ధం. నాగులచవితికి పుట్టలో పాలు పోసే తెలుగు పాఠకుడికి ‘పాలు తాగే పాము’ కొత్తేమీ కాదు. అయితే అక్కడ అది భక్తివిశ్వాసం, ఇక్కడ శాస్త్రీయ తర్కానికి ప్రతీక అయిన పరిశోధకుడి నిర్ధారణ. భారతదేశం అంటే ఏ వింతైనా సాధ్యమయ్యే చోటు అనే భావన ఈ కథకు పునాది. కథ ఆ పాము మీదనే నిలిచింది కాబట్టి దాన్ని మార్చడం నిర్మాతలకు సాధ్యం కాదు. ఈ సందర్భంలో విధేయత అనివార్యం.

6.2. ‘ది క్రూకెడ్ మ్యాన్’: 1984 మే 22న ప్రసారమైన ఈ కథకు 1857 తిరుగుబాటు నేపథ్యం. డాయిల్ కల్పించిన ‘భుర్తీ’ అనే చోట ముట్టడిలో చిక్కుకున్న దళంలోని హెన్రీ వుడ్‌ను, ఒక స్త్రీపై మోహంతో తోటి సైనికుడు బార్‌క్లే శత్రువులకు పట్టిస్తాడు. చిత్రహింసలతో శరీరం వంకరపోయిన వుడ్ దశాబ్దాల తరవాత ఒక ముంగిసతో ఇంగ్లండ్‌లో ప్రత్యక్షమవుతాడు. బార్‌క్లే అప్పటికి గౌరవనీయుడైన కర్నల్. తిరుగుబాటుదారులకు ఈ కథలో హింసించడం తప్ప వేరే పని లేదు. అయినా నేరం మూలం సామ్రాజ్య సైన్యం లోపలే ఉంది. వీరగాథగా చెప్పుకున్న 1857 విజయం అడుగున ఒక ద్రోహం ఉందని డాయిల్ చూపాడు. ఆల్ఫ్రెడ్ షాగ్‌నెసీ స్క్రిప్టు ఆ అంశాన్ని నిలుపుకుంది. మూలవిధేయత ఇక్కడ మేలు చేసింది.

6.3. ‘ది సైన్ ఆఫ్ ఫోర్’: అసలు సమస్య ఈ నవల దగ్గర తలెత్తుతుంది. 1890లో వెలువడిన ఈ నవలలో 1857 నాటి ఆగ్రా కోట, అక్కడ హత్యచేసి దోచుకున్న నిధి, ఆ నేరానికి ద్వీపాంతర శిక్ష పొందిన నలుగురు, వారిలో ఒకడైన జోనథన్ స్మాల్‌తో లండన్ చేరిన అండమాన్ ఆదివాసి టోంగా ఉన్నారు. డాయిల్ అజ్ఞానానికి చిన్న ఉదాహరణ: నిధిలో భాగస్వాములైన ముగ్గురినీ సిక్కులుగా పరిచయం చేసి వారికి మహమ్మద్ సింగ్, అబ్దుల్లా ఖాన్, దోస్త్ అక్బర్ అని పేర్లు పెట్టాడు.

ఇంతకన్నా తీవ్రమైనది టోంగా చిత్రణ. నవలలో హోమ్స్ ఒక గెజెటీర్‌ను తెరిచి అండమాన్ ఆదివాసులు వికృతరూపులు, క్రూరులు, నరమాంస భక్షకులు అని చదువుతాడు. టోంగా ఊదుగొట్టంతో విషపుములుకులు ప్రయోగిస్తాడు. అండమాన్ ఆదివాసుల సాంప్రదాయిక ఆయుధాలు విల్లంబులే, ఊదుగొట్టం కాదు. నరమాంస భక్షణ ఆరోపణను అండమాన్‌లో పనిచేసిన బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ హోరేస్ మాన్ 1883 నాటికే మానవశాస్త్ర రచనలో ఖండించాడు. అంటే నవల రాసేనాటికి సరైన సమాచారం ఇంగ్లీషులో అచ్చయి ఉంది. ప్రతి వాస్తవాన్నీ పరీక్షించి తీసుకొనే పరిశోధకుడు ఈ ఒక్క విషయంలో వదంతిని శాస్త్రంగా స్వీకరించాడు.

అండమాన్ తెలుగు పాఠకుడికి దూరపు వింతలోకం కాదు. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస ఏర్పడినప్పటి నుండి ‘ద్వీపాంతరం’ అనే మాట తెలుగునాట భయంతో పలికే మాటగా మారింది. 1879లో గోదావరి మన్యంలో చెలరేగిన రంప తిరుగుబాటును అణచివేసిన తరవాత పట్టుబడినవారిలో పలువురిని అక్కడికే పంపారు. నవల కథాకాలం 1888. అంటే బేకర్ వీథిలో హోమ్స్ గెజెటీర్ తిరగేస్తున్న రోజులు రంప తిరుగుబాటు ముగిసిన దశాబ్దంలోనివే. డాయిల్ పుటలలో అండమాన్ అంటే క్రూరజాతుల నివాసం. వలసపాలిత ప్రజల స్మృతిలో అది పాలకుల క్రూరత్వానికి గుర్తు. ఒకే భూమికి రెండు చరిత్రలు ఉన్నాయి. నవలకు తెలిసింది మొదటిదే.

1987 గ్రెనడా చిత్రం ఈ సందర్భంలో ఏం చేసింది? పీటర్ హామండ్ దర్శకత్వంలో, హాక్స్‌వర్త్ స్క్రిప్టుతో రూపొందిన ఈ చిత్రంలో జాన్ థా పోషించిన జోనథన్ స్మాల్‌కు తన కథ చెప్పుకొనే అవకాశం లభించింది. అతడి కష్టం, ఆక్రోశం, మాటకు కట్టుబడే గుణం ప్రేక్షకుడి సానుభూతిని పొందుతాయి. కిరణ్ షా పోషించిన టోంగాకు ఆ అవకాశం లేదు. అతడు విషపుములుకుల మనిషిగానే ప్రవేశించి, థేమ్స్ నదిపై తుపాకి గుండుకు బలై నీట మునిగిపోతాడు. అదే చిత్రంలో నవల ముగింపులోని వివాహాన్ని తొలగించగలిగిన నిర్మాతలు ఈ పాత్ర జోలికి పోలేదు. వివాహాన్ని మార్చడం ప్రేమకథ అభిమానులను నొప్పించే మార్పు. టోంగా చిత్రణను మార్చి ఉంటే ఆనాటి ప్రేక్షకులలో ఎవరూ నొచ్చుకునేవారు కారు. అయినా మార్పు జరగలేదంటే, ఆ చిత్రణలో మార్చవలసింది ఉందని ఎవరికీ తోచలేదని అర్థం.

దీనికి ఒక సమాధానం చెప్పవచ్చు. చారిత్రక కృతిని అనుసరించేటప్పుడు దాని దోషాలను కూడా చూపడమే నిజాయితీ అని, పాతకాలపు దురభిప్రాయాలను తుడిచివేస్తే చరిత్రనే తుడిచివేసినట్లవుతుందని వాదించవచ్చు. ఈ వాదంలో బలం ఉంది. అయితే దురభిప్రాయాన్ని ‘చూపడం’ వేరు, దానితో ‘చూడటం’ వేరు. కెమెరా టోంగాను చూసిన పద్ధతి హోమ్స్ గెజెటీర్ చూసిన పద్ధతికి భిన్నంగా లేదు. ఆ చూపు తప్పని ప్రేక్షకుడికి తెలిపే సంకేతం చిత్రంలో లేదు. సిరంజిని ఇసుకలో పాతిపెట్టడానికి ఒక అదనపు దృశ్యం చాలింది. ఇక్కడ అటువంటి దృశ్యం ఒక్కటైనా లేదు.

7. విధేయత సడలిన దశ (1991–1994):

1990 ప్రసారాల చట్టం ఐ.టి.వి. లైసెన్సులకు వేలం పద్ధతిని తెచ్చింది. 1991 అక్టోబరులో ఫలితాలు వెలువడ్డాయి. 1993 జనవరి నుండి కొత్త లైసెన్సులు అమలులోకి వచ్చాయి. గ్రెనడా తన లైసెన్సును నిలుపుకున్నా, ఖర్చు, ప్రేక్షకాదరణల లెక్కలు మునుపటికన్నా కఠినమయ్యాయి. మరోవైపు 1987లో మొదలైన ‘ఇన్‌స్పెక్టర్ మోర్స్’ రెండుగంటల నిడివిలో విజయం సాధించడంతో, ఆ నిడివి అపరాధ పరిశోధక కథలకు ఆకర్షణీయమైన నమూనా అయింది.

హోమ్స్ కథ స్వభావరీత్యా చిన్నది. సుమారు 50 నిమిషాల భాగానికి అది చక్కగా సరిపోతుంది. రెండుగంటలకు సాగదీయాలంటే మూలంలో లేనిది కల్పించాలి. ‘ది మాస్టర్ బ్లాక్‌మెయిలర్’ (1992), ‘ది లాస్ట్ వాంపైర్’ (1993), ‘ది ఎలిజిబుల్ బాచిలర్’ (1993) ఇలా వచ్చినవే. చివరిదానికి మూలమైన ‘ది నోబుల్ బాచిలర్’ కథలో లార్డ్ సెయింట్ సైమన్ గర్విష్ఠి మాత్రమే. అనుసరణలో అతడు దుర్మార్గుడైన ప్రతినాయకుడయ్యాడు. హోమ్స్‌కు దుస్స్వప్నాలు వచ్చాయి. మూలానికి పర్యాయపదంగా పేరుపొందిన ధారావాహిక దశాబ్దం తిరగకముందే మూలాన్ని గుర్తుపట్టలేని స్థితికి చేరింది.

బ్రెట్ ఆరోగ్యం కూడా క్షీణించింది. 1994 మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రసారమైన చివరి ఆరు భాగాలలో నిర్మాణం తిరిగి చిన్న నిడివికి వచ్చింది. అయితే ‘ది మజారిన్ స్టోన్’లో బ్రెట్ అనారోగ్యం వల్ల హోమ్స్ స్థానంలో అన్న మైక్రాఫ్ట్ పరిశోధన సాగించవలసి వచ్చింది. ‘ది గోల్డెన్ పాన్స్‌నే’లో హార్డ్‌విక్ అందుబాటులో లేనందున వాట్సన్ స్థానంలోకి కూడా మైక్రాఫ్టే వచ్చాడు. 1994 ఏప్రిల్ 11న ‘ది కార్డ్‌బోర్డ్ బాక్స్’తో ధారావాహిక ముగిసింది. 1995 సెప్టెంబరు 12న బ్రెట్ మరణించాడు. 60 రచనల మొత్తాన్నీ తెరకెక్కించాలన్న ఆశ నెరవేరలేదు. నాలుగు నవలలలో రెండు, ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’, ‘ది వ్యాలీ ఆఫ్ ఫియర్’, మిగిలిపోయాయి.

ఈ చివరిదశను సాధారణంగా పతనంగా వర్ణిస్తారు. చారిత్రకంగా చూస్తే అది తొలిదశకు వ్యాఖ్యానం. తొలిదశలోని విధేయత వ్యక్తుల నిష్ఠవల్ల మాత్రమే కాక, చిన్న కథకు తగిన ప్రసార నిడివి, సంస్థాగత స్థిరత్వం, హక్కుల వెసులుబాటు కలిసిరావడం వల్ల సాధ్యమైంది. వాటిలో రెండు సడలగానే విధేయత కూడా సడలింది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. గ్రెనడా హోమ్స్ ధారావాహికలోని మూలవిధేయత ఒక చారిత్రక సందర్భపు ఫలితం. 1981–1995 మధ్య బ్రిటన్‌లో డాయిల్ రచనలు సార్వజనికంగా ఉండటం, ఐ.టి.వి. ప్రాంతీయ సంస్థల వ్యవస్థ, వారసత్వంపై పెరిగిన ఆసక్తి దానికి భూమికను ఏర్పరచాయి.

2. ఆ విధేయత డాయిల్ పాఠానికి మాత్రమే పరిమితం కాలేదు. పాజెట్ చిత్రాలతో కూడిన స్ట్రాండ్ పత్రిక అనుభవం దానికి మూలమైంది. వాట్సన్ పాత్రకు గౌరవాన్ని తిరిగి ఇవ్వడం దాని శాశ్వతమైన సాధన.

3. నిర్మాణ అవసరం, నైతిక బాధ్యత ఎదురైనప్పుడు మూలాన్ని మార్చడానికి నిర్మాతలు సంకోచించలేదు. కాబట్టి వలసజాతుల చిత్రణను యథాతథంగా ఉంచడాన్ని ‘మూలానికి కట్టుబడ్డాం’ అనే మాటతో సమర్థించలేము. అది కూడా ఒక ఎంపికే.

4. విధేయత ఒకేరకమైన ఫలితాన్ని ఇవ్వదు. ‘ది క్రూకెడ్ మ్యాన్’లో అది సామ్రాజ్యంలోని ద్రోహాన్ని బయటపెట్టింది. ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో సామ్రాజ్యపు అబద్ధాన్ని కొనసాగించింది.

అనుసరణల అధ్యయనంలో ‘ఎంత విధేయం?’ అనే ప్రశ్న ఒక్కటే చాలదు. ‘ఎక్కడ స్వేచ్ఛ తీసుకున్నారు, ఎక్కడ తీసుకోలేదు, ఆ తేడా ఎవరి పక్షాన నిలిచింది?’ అనే ప్రశ్న దానికి తోడు కావాలి. తెలుగులో నవలాధారిత చిత్రాలను, ధారావాహికలను పరిశీలించేవారికి కూడా ఈ ప్రశ్న ఉపకరిస్తుంది. ఏ అనుసరణలోనైనా మార్చిన పుటలు నిర్మాతల అవసరాలను చెబుతాయి. మార్చాలని తోచని పుటలు ఆ సమాజపు అలవాటైన చూపును చెబుతాయి. చరిత్రకారుడు ఈ రెండో రకం పుటల దగ్గర ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది.